మారిషస్ నుంచి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు తోడు వెళ్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

మీరు అడిగింది ఇదీ: మారిషస్‌లో ఉండే మీ స్నేహితురాలి కుటుంబం, మొత్తం ఆరుగురు, వచ్చే జనవరిలో విశాఖపట్నం వస్తున్నారు. ఆమె తాతగారి తాత విజయనగరం వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ ఊరు వెతకాలి, వాళ్ళను తిప్పి చూపించాలి. ఆ తర్వాత ఆమె రాసే ప్రయాణ కథనాన్ని మీరు తెలుగులో పెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

నేను రెవెన్యూ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే ఒక మారిషస్ దంపతులు చేతిలో జిరాక్సు కాగితంతో మా ఆఫీసు మెట్లెక్కారు. అప్పటినుంచి ఇప్పటిదాకా 17 కుటుంబాలకు తోడు వెళ్ళాను. అందులో ఊరు ఇదేనని గట్టిగా చెప్పగలిగింది ఆరు కుటుంబాలకే. ఈ లెక్క మీ స్నేహితురాలికి విమానం ఎక్కకముందే చెప్పండి. ఇక్కడికి వచ్చి, కారులో తిరిగి తిరిగి, నాలుగో రోజు సాయంత్రం తెలుసుకోవాల్సిన విషయం కాదది.

మొదటి పని కాగితం. అది ఇక్కడ దొరకదు, అక్కడే దొరుకుతుంది.

1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది మన దేశం నుంచి మారిషస్ వెళ్ళారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, జిల్లా, ఊరు, ఓడ పేరు, చేరిన తోట, ఇలా గడులుంటాయి. మొదటి రోజుల రిజిస్టర్లలో వివరాలు తక్కువ, తర్వాతి వాటిలో ఎక్కువ. 1860ల నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఫోటో కూడా ఉంది. ఆ నంబరు తెలియకపోతే అమ్మానాన్నల జనన, వివాహ పత్రాల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తరం వెనక్కి పోవాలి. పాత పత్రాల్లో ఎక్కడో ఒకచోట ఆ నంబరు రాసి ఉంటుంది. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు ఓసీఐ కార్డుకు (విదేశాల్లోని భారత సంతతికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) వీలు కల్పిస్తామని 2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడికి వెళ్ళినప్పుడు ప్రకటించారు. దానికోసం మీ స్నేహితురాలి బంధువుల్లో ఎవరో ఒకరు ఈ కాగితాలు ఈపాటికే తీసి ఉండొచ్చు. ముందు వాళ్ళనే అడగమనండి.

ఒక జాగ్రత్త. అక్కడ టైపు చేసి ఇచ్చే పత్రంతో ఆగిపోవద్దు. అసలు రిజిస్టరు పేజీ చూడనిస్తే చూసి, ఊరి పేరు, జిల్లా పేరు ఏ అక్షరాలతో ఉన్నాయో ఉన్నవి ఉన్నట్టు రాసుకోమనండి. ఎందుకంత పట్టుబడుతున్నానో కాసేపట్లో చెబుతాను.

ఇక పేర్లు. ఇక్కడ మనకు కొంచెం మనసు కావాలి. మారిషస్ తెలుగువాళ్ళలో అప్పడూ, గంగడూ, అప్పిగాడూ, యెర్రిగాడూ లాంటి ఇంటిపేర్లున్నాయి. అవి మొదట వెళ్ళిన మనిషి సొంత పేర్లు. కూలీని పిలిచినట్టు పిలిస్తే గుమస్తా విన్నది విన్నట్టు రాశాడు. ఆ రాసిందే పిల్లలకూ మనవలకూ ఇంటిపేరైంది. ఈ పేరున్న మనిషిని మన ఊళ్ళో పరిచయం చేసినప్పుడు కుర్రాళ్ళు కిసుక్కుమనడం నేను చూశాను. ఆ పేరుతో అక్కడ లాయర్లయ్యారు, మంత్రులయ్యారు. వాళ్ళు దాన్ని తలెత్తుకుని చెప్పుకుంటారు. ఊరికి వెళ్ళకముందే నలుగురికీ ఈ సంగతి చెప్పి ఉంచండి.

అంటే వాళ్ళు చెప్పే ఇంటిపేరు మన లెక్కలో ఇంటిపేరు కాదు. అసలు ఇంటిపేరు రిజిస్టరులో సాధారణంగా ఉండదు. పెళ్ళిళ్ళలోనో పితృకార్యాల్లోనో ఎవరైనా ముసలివాళ్ళు పలికేది ఉందేమో అడగండి. ఒక కుటుంబానికి ఊరు అలాగే దొరికింది. ఇంట్లో పెద్దావిడ పూజలో ఒక మాట అనేది, మంత్రమేమో అనుకుని పిల్లలు అలాగే నేర్చుకున్నారు. అది ఇంటిపేరని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పేరును బిగ్గరగా చదవండి, అక్షరాలను నమ్మకండి. పేరు కూడా దారి చూపిస్తుంది. అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, సింహాద్రి అంటే సింహాచలం చుట్టుపక్కల. పైడయ్య, పైడమ్మ అయితే పైడితల్లి అమ్మవారి విజయనగరం వైపు. నూకయ్య, నూకాలు అయితే అనకాపల్లి నూకాలమ్మ. కూర్మయ్య, కూర్మమ్మ అయితే శ్రీకూర్మం. తలుపులు, తలుపులమ్మ అయితే తుని దగ్గర లోవ. దీన్ని రుజువుగా తీసుకోకండి, సింహాద్రి అన్న పేరు శ్రీకాకుళం అవతలా ఉంటుంది. ఊరి పేరు రెండు రకాలుగా చదవడానికి వీలున్నప్పుడు ఎటువైపు మొగ్గాలో చెప్పడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

జిల్లా గడిలో ఉన్న పేరును ఇప్పటి జిల్లా అనుకుంటే దారి తప్పినట్టే. అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం మన్యం ఉండేవి. పాలకొండ కూడా అందులోనే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ విభజించారు. గంజాం అని ఉంటే ఒడిశా అనుకుని వదిలేయకండి. 1936కు ముందు శ్రీకాకుళం, టెక్కలి ఆ జిల్లాలోనివే. నార్త్ ఆర్కాట్ అని ఉంటే తమిళనాడు అని తేల్చేయకండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అందులో భాగం. తాలూకా పేర్లు ఇంకా తికమక. సర్వసిద్ధి తాలూకా అంటే యలమంచిలి, వీరవల్లి అంటే చోడవరం, గొలుగొండ అంటే నర్సీపట్నం. గొలుగొండను గోల్కొండగా చదివి హైదరాబాదులో రెండు రోజులు తిరిగి వచ్చినవాళ్ళు ఒకరు నా దగ్గరికి వచ్చారు. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చదవండి, తాలూకాలవారీగా అప్పటి సంగతులన్నీ ఉంటాయి.

కోరంగి గురించి కూడా చెప్పాలి. మారిషస్‌లో ఒకప్పుడు తెలుగువాళ్ళను కోరింగీలు అనేవారు. అందుకని చాలామంది తమ పూర్వీకుల ఊరు కాకినాడ దగ్గరి కోరంగి అనుకుని వస్తారు. కోరంగి రేవు. ఊరు కాదని అనను, కానీ అక్కడ ఓడెక్కినవాళ్ళందరూ ఆ ఊరివాళ్ళు కారు. కూలీలను పంపడం కొన్నాళ్ళు ఆపేసి 1842లో మళ్ళీ అనుమతించినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకే ఆ అనుమతి. ఆ తర్వాత వెళ్ళిన ఉత్తరాంధ్రవాళ్ళ కాగితాల్లో మద్రాసు కనిపించడం అందుకే. వాళ్ళు మద్రాసువాళ్ళు కారు, ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే డిపోలో అక్కడ ఉండి ఓడెక్కారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీకు నేను చెప్పదలిచిన దాంట్లో ఇదే ముఖ్యం.

2011లో ఒకావిడ వచ్చారు, అరవై దాటిన టీచరు. కాగితంలో ఊరి పేరు చివర వలస అని ఉంది. మన వైపు వలస అని ముగిసే ఊళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఎక్కడినుంచో వలస వచ్చి ఊరు కట్టుకున్నవాళ్ళు పెట్టుకున్న పేర్లవి. తాలూకా పేరు జిరాక్సులో సగం చెరిగిపోయి ఉంది. నేను గజపతినగరం అని చదివాను. ఆ తాలూకాలో ఆ పేరుతో ఊరు ఉంది కూడా. వెళ్ళాం. రచ్చబండ దగ్గర ఎనభై ఏళ్ళాయన, మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడమ్మా, మళ్ళీ రాలేదు అన్నాడు. ఆవిడ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆయనా ఏడ్చాడు. నాకూ కన్నీళ్ళాగలేదు. అమ్మోరికి చీర పెట్టారు, బడికి ఫ్యాన్లు కొనిచ్చారు. ఆ పెద్దాయన ఇంట్లో భోజనం చేశాం. తిరిగి వెళ్ళి ఆవిడ ఇరవై పేజీల వ్యాసం రాశారు. ఊరి పేరు, పెద్దాయన ఫోటో, అన్నీ పెట్టారు. మారిషస్‌లో వాళ్ళ బంధువర్గమంతా చదివింది.

రెండేళ్ళ తర్వాత ఆవిడ మేనల్లుడు అసలు పేజీని మంచి ఫోటో తీసి పంపాడు. తాలూకా పాలకొండ. స్పష్టంగా ఉంది. పాలకొండ వైపు అదే పేరుతో ఇంకో ఊరుంది.

ఫోను చేసి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే ఆ పెద్దాయన మాకేమీ కారా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వచ్చి అసలు ఊరు చూస్తానన్నారు, ఆరోగ్యం సహకరించలేదు. మూడేళ్ళ కిందట పోయారు. ఆ వ్యాసం అదే ఊరి పేరుతో ఇప్పటికీ ఉంది. వాళ్ళ పిల్లలు ఎవరైనా అది పట్టుకుని వస్తే గజపతినగరం వైపే వెళ్తారు.

ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆయన తాత తమ్ముడు నిజంగానే ఓడెక్కాడు, కానీ రంగం వెళ్ళాడు. మన పల్లెల్లో ముసలివాళ్ళకు ఓడంటే రంగమే, అంటే రంగూన్. బర్మా వెళ్ళి సంపాదించుకుని వచ్చినవాళ్ళ మేడలు, 1942లో యుద్ధం వచ్చి నడిచి ప్రాణాలతో ఇల్లు చేరినవాళ్ళ కథలు ఊళ్ళల్లో ఇంకా వినిపిస్తాయి. మారిషస్ వెళ్ళినవాళ్ళు అంతకు రెండు మూడు తరాల ముందువాళ్ళు. వాళ్ళ జ్ఞాపకం ఊళ్ళో మిగలలేదు. కాబట్టి మీ ఊరినుంచి ఎవరైనా ఓడెక్కారా అని అడగకండి. ఏ ఊళ్ళో అడిగినా అవుననే చెబుతారు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఊరు, తాలూకా రెండూ కాగితంలో కచ్చితంగా కలవాలి. వాటికి తోడు కాగితంతో సంబంధం లేని ఇంకొక ఆధారం ఊళ్ళోనే దొరకాలి. ఆ ఇంటిపేరువాళ్ళు అక్కడ ఉండటమో, ఇంట్లో చెప్పుకునే గ్రామదేవత పేరు కలవడమో, అలాంటిది. మనం ముందే చెప్పేసి అవునా అని అడిగితే అది ఆధారం కాదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పాలి. ఈ మూడూ కుదిరితేనే మా ఊరు అని రాయమనండి. లేకపోతే ఈ ప్రాంతం అని రాయాలి.

భూమి రికార్డులు వెతకమని మీకు కొందరు సలహా ఇస్తారు. నేను ఆ శాఖలో పనిచేసినవాణ్ణే, దానిమీద ఆశ పెట్టుకోకండి. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి భూమి లేదు, ఉంటే వెళ్ళేవాళ్ళు కాదు. పైగా విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉన్న ఊళ్ళలో రైతుల పేర్లతో సర్కారు రికార్డులు వచ్చింది చాలావరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలం ఫైళ్ళున్నాయి. చరిత్ర రాసేవాళ్ళకు అవి బంగారం. వారం రోజుల సెలవు మీద వచ్చి ఒక మనిషి పేరు వెతుక్కునేవాళ్ళకు మాత్రం కాదు.

ఇంకొకటి, నలుగురూ తప్పించుకుని తిరిగే విషయం. కులం గడి.

అక్కడ కుటుంబం ఒకటి అనుకుంటూ వచ్చి ఉంటుంది, రిజిస్టరులో ఇంకొకటి ఉంటుంది. సముద్రం దాటాక చాలామంది పేరు చివర నాయుడనో ఇంకొకటో చేర్చుకున్నారు. మనిషిని వాకిట్లోకి రానివ్వని ఊరినుంచి పారిపోయినవాడు కొత్త చోట కొత్త పేరు పెట్టుకున్నాడంటే అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఒకాయన కాగితంలో మాల అని ఉంది. ఇంట్లో ఆయనకు తెలిసింది వేరు. నేను ముందు రోజు రాత్రి హోటల్ గదిలో కూర్చోబెట్టి చెప్పాను. ఆయన ఆ గడి అర్థం ఎవరినీ అడగలేదట, అది ఊరి పేరనుకున్నారట. కాసేపు ఊరుకుని, అయితే రేపు మనం ఎక్కడికి వెళ్ళాలి అని అడిగారు. ఊరి మధ్య రామాలయం దగ్గరకు కాదు, ఊరి చివర పేటకు వెళ్ళాలి అన్నాను. వెళ్ళాం. అక్కడ చర్చి పక్క అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మీరు మావాళ్ళేనని ఒక ముసలమ్మ ఆయన తల నిమిరింది. నాకు తెలిసిన ఆరు నిజమైన కలయికల్లో అదొకటి. ముందు చెప్పకుండా తీసుకెళ్ళి ఉంటే ఊరి మధ్యలోనే తిరిగి వెనక్కి వచ్చేవాళ్ళం.

కాబట్టి ఆ గడి మీకు అర్థమైతే వాళ్ళకు చెప్పండి. ఒంటరిగా, మర్యాదగా, ఊరికి వెళ్ళకముందే చెప్పండి. దాన్ని రాయాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. రాయకపోవడం వేరు, వేరేది రాయడం వేరు. రెండోదానికి మీరు ఒప్పుకోవద్దు.

ఊళ్ళోకి ఆరుగురినీ ఒకేసారి దింపకండి. పది రోజుల ముందు మీరొక్కరే వెళ్ళి రండి. వీఆర్వోను, గుడి పూజారిని, పాత బడిపంతులు ఎవరైనా ఉంటే ఆయన్ని కలవండి. విదేశాలనుంచి పూర్వీకుల ఊరు చూడ్డానికి వస్తున్నారు అనగానే ఊరివాళ్ళకు మొదట తోచేది భూమి. వాటాకు వస్తున్నారేమోనని భయపడతారు. ఒక ఊళ్ళో ఆ భయంతో ఇంటి తలుపు కూడా తీయలేదు. వాళ్ళకు ఏ కాగితం మీద సంతకం అక్కర్లేదు, చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు అని ముందే నాలుగుసార్లు చెప్పాలి. డబ్బు పంచడం వద్దు. ఏమైనా ఇవ్వాలనుకుంటే బడికో గుడికో, అందరి ఎదురుగా, వెళ్ళేరోజు ఇవ్వాలి. వచ్చినరోజే ఇస్తే ఆ తర్వాత మీరు వినే ప్రతి మాటా ఇంకొంచెం తియ్యగా ఉంటుంది, దాంట్లో ఏది నిజమో తేల్చుకోలేరు.

జనవరి అన్నారు కాబట్టి ఒక మంచి సంగతి. భోగి నుంచి కనుమ వరకు ఊళ్ళో ఉండేలా చూడండి. మిగతా రోజుల్లో ఆ పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలే. భవనాల పనికి హైదరాబాదు, చెన్నై, విజయవాడ వెళ్ళినవాళ్ళు, చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళినవాళ్ళు సంక్రాంతికి ఇల్లు చేరతారు. ఒకసారి పండగ రోజుల్లో ఇలాగే ఒక మారిషస్ పెద్దమనిషి, బెంగళూరులో తాపీపని చేసే ఒక కుర్రాడు పక్కపక్కన కూర్చున్నారు. మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇస్తాడు, అందులో ఎంత పట్టుకుంటాడు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అని ఈయన వరసగా అడిగాడు. కుర్రాడు ఒక్కొక్కటీ చెబుతుంటే ఈయన ముఖం మారిపోయింది. వాళ్ళ ముత్తాత ఒప్పందం కాగితంలోనూ అవే ఉన్నాయి, జీతం, రేషను, పనికి రాని రోజుకు కోత. తన ప్రయాణం మొత్తంలో ఆ అరగంటే గుర్తుండిపోయిందని తర్వాత ఉత్తరం రాశాడు. మీ స్నేహితురాలు ఇలాంటివాళ్ళతో మాట్లాడేలా చూడండి. ఓడెక్కి పోయినవాళ్ళ గురించి ఊళ్ళో ఎవరికీ తెలియకపోవచ్చు, ఊరు విడిచి పోవడం అంటే ఏమిటో మాత్రం అందరికీ తెలుసు.

ఊరు దొరక్కపోతే? 17లో 11 కుటుంబాలకు దొరకలేదని చెప్పాను కదా. వాళ్ళను నేను నేరుగా సింహాచలం తీసుకెళ్తాను. సింహాద్రి అప్పన్న పూజ మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ ఇళ్ళల్లో, గుళ్ళల్లో చేసుకుంటారు. అమ్మోరు పండుగ, రాత్రంతా సాగే రామభజన కూడా పోకుండా నిలబెట్టుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. అయిదు తరాలుగా పటంలో చూసి దణ్ణం పెట్టుకున్న దేవుడి కొండ ఎక్కేటప్పుడు వాళ్ళను చూడాలి మీరు. ఒక బృందం గుడి లోపలి కప్పస్తంభాన్ని కౌగిలించుకుని వచ్చాక గుడి బయట ఒక మూల కూర్చుని మెల్లగా భజన ఎత్తుకుంది. వాళ్ళల్లో ఇద్దరికి తప్ప తెలుగు మాట్లాడటం రాదు, పాట మాత్రం అందరికీ నోటికొచ్చు. దర్శనానికి వచ్చిన పద్మనాభం వైపు ఆడవాళ్ళు ముగ్గురు ఆగి విన్నారు. రెండో చరణానికి వాళ్ళూ అందుకున్నారు. మా అమ్మమ్మ పాడేది ఇది, మీకెలా వచ్చు అని అడిగింది ఒకామె. ఇక్కడ ఆ పాట ఎప్పుడో మరుగున పడింది.

ఒక్క జాగ్రత్త: చందనోత్సవం రోజున, అంటే వైశాఖంలో అక్షయ తృతీయనాడు, స్వామి నిజరూపం కనిపించేది ఆ ఒక్కరోజే కాబట్టి జనం విపరీతం. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళతో ఆ రోజు వద్దు. మీరు జనవరిలో వెళ్తున్నారు, ఆ బాధ లేదు. తర్వాత విజయనగరంలో పైడితల్లి గుడి, సముద్రం చూడాలంటే భీమిలి. సమయం మిగిలితే కోరంగి. పాత రేవు ఆనవాళ్ళు ఏవో కనిపిస్తాయని ఆశపెట్టకండి. 1839 తుపాను ఆ రేవును ఊడ్చేసింది, ఇప్పుడు అక్కడ మడ అడవులు. పడవలో ఆ పాయల్లో ఒక గంట తిరిగితే చాలు, ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇక రాయడం. మీరు అనువాదం చేసేవారే అయినా ఈ నాలుగు మాటలు ఆమెతో ముందే మాట్లాడుకోండి.

ఇలాంటి కథనాలు నేను చాలా చదివాను, నాకు పంపుతుంటారు. ఎక్కువ వాటిలో మట్టి వాసన, మూలాలు, ఇల్లు చేరిన పక్షి ఇవే ఉంటాయి. పేర్లు మార్చి ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా తేడా తెలియదు. ఆ ఉద్వేగం అబద్ధమని నేను అనను, పక్కనుండి చూశాను. కానీ చదివేవాడికి అది అందాలంటే చూసింది చెప్పాలి. రిజిస్టరులో ఎడమ మోచేతి మీద మచ్చ అని ఉంటే అది రాయాలి. ఊళ్ళో చెరువు పేరు, తిన్న కూర, ఇంటి ముందు ఎండబెట్టిన తాటి తాండ్ర రాయాలి. తనకు ఏ మాట అర్థమైంది, ఏది కాలేదు అన్నది రాయాలి. ఒకావిడ తమ ఇంట్లో పిల్లల్ని గుంటలు అంటారని, అది తమ ఇంట్లో పుట్టిన ముద్దుమాట అనుకున్నానని రాసింది. పార్వతీపురం బస్టాండులో ఒక తల్లి గుంటా, ఇటు రా అని కేకేస్తే తాను తిరిగి చూసిందట. మూలాలు అన్న మాట ఆమె వ్యాసంలో ఒక్కసారి కూడా లేదు.

దొరకనిది కూడా రాయాలి. తెలిసింది ఎంత, ఇంట్లో చెప్పుకునేది ఎంత, ఊళ్ళో విన్నది ఎంత, ఈ మూడూ కలిసిపోకుండా విడివిడిగా కనిపించాలి. అయిదేళ్ళ తర్వాత వాళ్ళ కుటుంబంలో ఇంకొకరు ఇదే చదివి మిగతా దారి వెతుక్కోవాలి కదా. ఎందుకు వెళ్ళారు అన్నచోట కూడా తొందరపడొద్దు. మోసపోయి వెళ్ళారని ఒక కుటుంబం, సాహసించి వెళ్ళారని ఇంకో కుటుంబం చెబుతుంది. వెళ్ళిన సంవత్సరం చూడండి. 1866 అయితే గంజాం కరువు, 1876 నుంచి 1878 అయితే మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టిన పెద్ద కరువు. సంవత్సరం కలిస్తే అప్పుడు ఇక్కడ కరువు అని రాయండి, కరువు వల్లే వెళ్ళాడని మాత్రం ఆ మనిషి తరఫున మీరు చెప్పకండి. అప్పు కావచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు, ఇష్టపడిన పిల్ల కోసం కావచ్చు.

ఊరివాళ్ళ పేర్లు, ఫోటోలు వాళ్ళను అడగకుండా పెట్టొద్దు. ఆ పెద్దాయన ఫోటో విషయంలో నేను అది అడగలేదు, ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. తెలుగులోకి తెచ్చాక ఒక ప్రతి ఊరికి పంపండి. మన గురించి ఏం రాశారో వాళ్ళకు ఎవరూ చదివి వినిపించరు. బడిలో ఒక కాపీ ఉంటే పిల్లలు చదువుకుంటారు.

అనువాదంలో ఒక్కటి మార్చకండి. ఆమె రాసే మారిషస్ తెలుగు మాటలు తప్పుగా ఉన్నాయనిపించినా దిద్దకండి. అవి నూటయాభై ఏళ్ళ కిందట మన వైపు పల్లెల్లో మాట్లాడిన మాటలు కావచ్చు. మనకే గుర్తులేక తప్పనిపిస్తాయి.

ప్రస్తుతానికి చేయాల్సింది: ఆ నంబరు, రిజిస్టరు పేజీ సంపాదించమని ఈరోజే ఆమెకు మెసేజ్ పెట్టండి. పండగల్లో అక్కడా ఆఫీసులు మూస్తారు. పేజీ వచ్చాక పేర్లు కొట్టేసి ఊరు, తాలూకా, జిల్లా గడులు మాత్రం కనిపించేలా, మీరు ప్రశ్న అడిగిన ఈ చోటే పెట్టండి. నాతోపాటు పాలకొండ, బొబ్బిలి వైపువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇక్కడ ఉన్నారు. అందరం విడివిడిగా చదువుదాం, ఎవరెలా చదివామో తర్వాత పోల్చి చూద్దాం. 2011లో నేనొక్కణ్ణే చదివాను.